మస్టరు తప్పని మనిషి

ముప్పై ఆరేళ్లు భూమి కింద పనిచేసి, ఆ పని నీడ ఇంటి గడప మీద పడకుండా చూసిన ఒక సింగరేణి కోల్ ఫిల్లర్ జ్ఞాపకాలు

గోదావరిఖనిలో ఒక ఇంటి పరిస్థితి తెలుసుకోవాలంటే జీతమెంత అని అడగరు. ‘మస్టర్లు ఎన్నున్నయ్?’ అని అడుగుతారు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు అడిగేదీ ఇదే, ఖాతా మీద బియ్యం ఇచ్చే కిరాణా సేటు అడిగేదీ ఇదే. బాయి, అంటే గని, దిగిన ప్రతి రోజూ ఒక మస్టరు. గనుల చట్టం 1952 ప్రకారం భూగర్భంలో పనిచేసే కార్మికుడు ఏడాదిలో 190 హాజర్లు వేస్తే పూర్తి సంవత్సరం సర్వీసు చేసినట్టు లెక్కగట్టేవాళ్లు. పైన పనిచేసేవాళ్లకు 240 కావాల్సి ఉండేది. సెలవులు కూడా అంతే, కింద పనిచేస్తే పదిహేను రోజులకు ఒకటి, పైన చేస్తే ఇరవైకి ఒకటి. భూమి కింద గడిచిన రోజు బరువు వేరని చట్టమే ఒప్పుకుంది.

మా బాపు ఏ సంవత్సరమూ ఆ 190 దగ్గర ఆగలేదు. జ్వరమొస్తే గోలీ వేసుకొని పోయేవాడు. చుట్టం చచ్చిపోతే మట్టికి పోయి, స్నానం చేసి, రాత్రి షిఫ్టుకు తయారయ్యేవాడు. పండుగ పూట కూడా పొద్దున పూజ అయితే చాలు, సెకండ్ షిఫ్టు ఉందంటే కదిలేవాడు. 1976లో ఇరవై నాలుగేళ్ల వయసులో కోల్ ఫిల్లర్‌గా చేరి 2012లో అరవై నిండి దిగిపోయాడు. 2023 చలికాలంలో కన్నుమూశాడు. పెద్దకర్మ నాడు ఆయనతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూచొని, ఆయన గురించి చెప్పిన మొదటి మాట ‘నీ బాపు నాగా పెట్టెటోడు గాదు’ అని. ఆ ఊళ్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

ఈ కథనం ఒక్క మనిషి గురించే అయినా, ఒక తరం తండ్రుల గురించి కూడా. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ సంఖ్య నలభై వేల దరిదాపుల్లోకి వచ్చింది. బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది. తట్టతో బొగ్గు మోసి టబ్బు నింపిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల పిల్లలం మేం హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూర దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చిన ఆ పని ఎలా ఉండేదో రాసిపెట్టాల్సిన బాధ్యత మా మీద ఉంది.

చెల్క నుంచి బాయికి

గోదావరి లోయలో బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. బెల్లంపల్లి, కొత్తగూడెం ముందు వెలిశాయి, మా రామగుండం ప్రాంతం గనులు 1960ల నుంచి ఊపందుకున్నాయి. 1973 చమురు సంక్షోభం తర్వాత దేశమంతా బొగ్గు వైపు చూసింది. గనులకు మనుషులు కావాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో మనుషులకు పని లేకుండా పోయింది.

మంథని వైపు మాకు రెండెకరాల చెల్క ఉండేది. 1972 కరువుకు బాయి ఎండిపోయింది. అది నీళ్ల బాయి. నాలుగేళ్లకు బాపు బొగ్గు బాయి దిగాడు. అప్పటికి తాత లేడు. ఇంట్లో నాయనమ్మ, ఇద్దరు చిన్నాయనలు, పెండ్లి కావాల్సిన మేనత్త, కొత్తగా కాపురానికొచ్చిన మా అమ్మ, మేం పిలిచేది అవ్వ అని. బాపు మూడో తరగతితో బడి ఆపేసినవాడు. చదువుకొని వచ్చే ఉద్యోగం కాదు, ఒళ్లు చూసి తీసుకొనే ఉద్యోగం కావాలి. ఛాతీ కొలిచారు, బరువు మోయించారు, తీసుకున్నారు.

కోల్ ఫిల్లర్ పని చెప్పడానికి తేలిక. డ్రిల్లు వేసి, మందుపెట్టి, షాట్‌ఫైరర్ బొగ్గు పేలుస్తాడు. పొగ తగ్గాక ఫిల్లర్లు ముందుకు పోతారు. చెమ్మస్ అనే పారతో బొగ్గు తట్టలోకి ఎత్తి, తట్ట నెత్తిన పెట్టుకొని, టబ్బు దాకా నడిచి, అందులో గుమ్మరించాలి. తట్ట ముప్పై కిలోలకు తగ్గదు. టబ్బు టన్నుకు అటూ ఇటూ పడుతుంది. ముప్పై, నలభై తట్టలైతే గానీ నిండదు. నిండిన టబ్బు మీద ఎవరి నంబరు వాళ్లు సుద్దతో రాసుకోవాలి, అది పోతే ఆ కష్టం పోయినట్టే. ఎన్ని టబ్బులైతే అంత కూలి. నెలకింత అని నిలకడ జీతం కాదు. అందుకే ఫిల్లర్లు పరుగెత్తి పనిచేసేవాళ్లు. నెత్తి మీద టోపీ, టోపీకి దీపం, నడుముకు బ్యాటరీ, వీపు మీద కారే చెమట. లోపల గాలి ఆడదు. వర్షాకాలమైనా ఎండాకాలమైనా ఒక్కటే ఉక్క.

ఇవన్నీ బాపు చెప్పినవి కావు. పని గురించి ఆయన ఇంట్లో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ‘ఏమున్నదే ఆడ, చీకటుంటది, బొగ్గుంటది’ అనేవాడు, అంతే. నాకు తెలిసినవన్నీ ఆయన జతగాళ్లు చెప్పినవి, రిటైరయ్యాక వేప చెట్టు కింద కూచొని వాళ్లంతా మాట్లాడుకుంటుంటే చెవిన పడినవి.

వాళ్లు చెప్పిన వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది బండ చూసే పద్ధతి. బొగ్గు తీసిన చోట నెత్తి మీద మిగిలే రాతి కప్పును బండ అంటారు. షిఫ్టు మొదట్లో సబ్బలి తీసుకొని దాన్ని కొట్టి చూడాలి. ఎడమ చేతి వేళ్లు బండకు ఆనించి, కుడి చేత్తో పక్కన కొట్టాలి. ఖంగుమంటే గట్టిది. డప్‌మని డొల్ల శబ్దం వచ్చిందా, వేళ్లకు అదురు తగిలిందా, అది ఊడటానికి సిద్ధంగా ఉన్నట్టు. అక్కడ ఆసరాగా దిమ్మ పెట్టాలి, లేదా పక్కకు జరగాలి. దీనికి సర్దార్ ఉంటాడు, ఓవర్‌మన్ ఉంటాడు, నియమాలు ఉంటాయి. అయినా తన నెత్తి మీది బండను తనే ఒకసారి కొట్టి చూసుకోకుండా బాపు తట్ట ముట్టేవాడు కాదట. కొత్తగా చేరిన పిల్లలకు ఆయన నేర్పింది అదొక్కటే. ‘బండ మాట్లాడుతది బిడ్డా, ఇనాలె’ అనేవాడట. కూలి టబ్బుల లెక్కన వచ్చే పనిలో, పక్కవాడు అప్పటికే రెండు తట్టలు పోసిన వేళ, ఆగి బండ కొట్టి చూడటానికి ఎంత నిగ్రహం కావాలో ఆలోచించండి. ఇంటి దగ్గర ఎదురుచూసే మనుషులు గుర్తున్నవాడికే ఆ నిగ్రహం వస్తుందని నా నమ్మకం.

ఎలుకల సంగతి కూడా వాళ్లే చెప్పారు. బాయిలో ఎలుకలు ఉంటాయి. టిఫిన్ డబ్బాలు దిమ్మలకు వేలాడదీస్తారు. బాపు తినేటప్పుడు ఆఖరి ముద్ద వాటికి వదిలేవాడు. అవి తిరుగుతున్నంతసేపు బండకు భయం లేదని, అవి ఒక్కసారిగా పరుగుపెడితే మనమూ పరుగుపెట్టాలని వాళ్ల నమ్మకం. అవ్వ మాత్రం చాలా ఏళ్లు ‘అన్నం సరిపోతలేదా’ అని ఒక ముద్ద ఎక్కువే పెట్టింది. ఆ ముద్ద ఎవరికి పోతోందో ఆమెకు తెలియదు.

జీతం రోజు

జీతాల రోజు గని గేటు ముందర ఒక చిన్న సంత ఉండేది. వడ్డీ వ్యాపారులు, చీటీల వాళ్లు, బట్టల మూటలు, పండ్ల బండ్లు, కొంచెం దూరంలో సారా. ఆ పది గజాలు దాటి జీతం మొత్తం ఇంటికి తేవడం చిన్న విషయం కాదు. రోజూ ప్రాణాన్ని పణంగా పెట్టేవాడు ఒక గంట మరిచిపోవాలనుకుంటే తప్పని నేను అనలేను. చాలా ఇళ్లు ఆ గంట దగ్గరే కూలిపోయాయన్నదీ నిజమే. బాపు తాగనివాడేమీ కాదు. ఆదివారం కల్లు తాగేవాడు. జీతం రోజు మాత్రం తువ్వాలలో డబ్బు కట్టుకొని, అవ్వ ఒళ్లో పెట్టాకనే నీళ్లు తాగేవాడు.

అవ్వ ఆ డబ్బును కుప్పలు పెట్టేది. కిరాణం ఒకటి, పాలు ఒకటి, చీటీ ఒకటి, మా ఫీజులు ఒకటి. అన్నింటికంటే ముందు ఊరి కుప్ప. నెలలో మొదటి ఆదివారం బాపు బస్సెక్కి ఆ డబ్బు నాయనమ్మ చేతిలో పెట్టి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాడు. దానితోనే మేనత్త పెండ్లయింది, పెండ్లికొడుక్కు సైకిలు, చేతి గడియారం కొన్నారు. పెద్ద చిన్నాయన టీచర్ ట్రైనింగ్ చేసి సర్కారు బడి పంతులయ్యాడు. చిన్న చిన్నాయనకు లారీ మీద పని నేర్పించారు. మాకు సొంత ఇల్లు వచ్చేసరికి బాపు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. అప్పటిదాకా 8 ఇంక్లైన్ కాలనీలో టీ-2 క్వార్టర్. అంతకుముందు గుడిసె.

డబ్బు సరిపోని నెలల్లో బాపుకు ప్లేడే కావాలి. ఆదివారం సెలవు రోజున పని దొరికితే దాన్ని ప్లేడే అంటారు, కూలి రెట్టింపు. జూన్ వచ్చిందంటే, బడులు తెరుస్తారంటే, బాపు ప్లేడేల కోసం తిరిగేవాడు. మా ముగ్గురి పుస్తకాలు ఆ ఆదివారాల్లోంచి వచ్చాయి. పుస్తకాలు తెచ్చిన రాత్రి ఆయనే కూచొని అట్టలు వేసేవాడు. ముందు చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కొనేవాడు. పాత పేపరు పరిచి, పుస్తకం పెట్టి, అంచులు మడిచి, అన్నం మెతుకులతో అతికించేవాడు. పోయినేటి నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చించి, దారంతో కుట్టి రఫ్ నోటు చేసేవాడు. దానిమీద పేరు మాత్రం మమ్మల్నే రాసుకోమనేవాడు. ఆయన అక్షరాలు వంకరగా వస్తాయని సిగ్గు.

ఆ చేతుల నిండా నీలం మచ్చలు ఉండేవి. చర్మం తెగిన చోట బొగ్గు పొడి చేరి, గాయం మానాక అది లోపలే ఉండిపోతుంది. ఎన్నిసార్లు కడిగినా పోదు. కళ్ల చుట్టూ నల్ల గీత కూడా అంతే. పిట్ దగ్గర స్నానం చేసే వచ్చేవాడు, అయినా రెప్పల అంచున బొగ్గు కాటుక పెట్టినట్టు నిలిచేది. చిన్నప్పుడు మా చెల్లె అందరి నాయినలూ కాటుక పెట్టుకుంటారనుకొనేది. మా కాలనీ వరకు అది నిజమే.

సెకండ్ షిఫ్టు నుంచి ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండు. మేం నిద్రపోయి ఉండేవాళ్లం. తలుపు తీశాక, చెప్పులు విడిచి, లైటు వెయ్యకుండానే వరసగా మా తలలు తడిమి లెక్కపెట్టేవాడని అవ్వ చెప్పేది. ఒకటి, రెండు, మూడు. తర్వాతే అన్నం. బాయి మీద ల్యాంపు రూం అని ఉంటుంది. దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ తన నంబరు దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక తిరిగి ఇవ్వాలి. షిఫ్టు అయ్యాక ఏ నంబరు దీపం రాలేదో, ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క. అన్ని దీపాలూ వచ్చాయంటేనే నిమ్మళం. ఆయన ఇంట్లో చేసింది ఆ లెక్కే.

సమ్మెలు, ఒక జూన్ నెల

1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. నోటీసు లేకుండా కలిసి పని మానేస్తే ఒక్క రోజుకు ఎనిమిది రోజుల జీతం కోయడానికి వీలిచ్చే నిబంధన మీద కార్మికులు తిరగబడ్డారు. నేను అప్పటికి మూడేళ్ల పిల్లను. అవ్వ వెండి కడియాలు కుదువకు పోయింది అప్పుడే. నాగా అంటేనే పడని మనిషి దాదాపు రెండు నెలలు ఇంట్లో కూచున్నాడు. ‘మస్టరు పోతదని భయం లేదా’ అని అడిగితే, ‘అందరి మస్టరు పోయినప్పుడు నాదొక్కటి ఎట్లుంటది’ అన్నాడట. సమ్మె గెలిచింది. కడియాలు మాత్రం రాలేదు. వాటి బదులు కొన్నేళ్లకు అవ్వకు పుస్తెలతాడు చేయించాడు, అదీ ప్లేడేల డబ్బుతోనే.

2011లో తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన సకల జనుల సమ్మెలో సింగరేణి గనులు 35 రోజులు ఆగిపోయాయి. బాపుకు అప్పటికి రిటైర్మెంటు ఏడాదే ఉంది. ఆఖరి ఏడాది మస్టర్లు తక్కువైతే రావాల్సిన వాటి మీద ఏం పడుతుందోనని మాకు భయం. ఆయన మాత్రం పొద్దున్నే తయారై, షిఫ్టుకు పోయినట్టే చౌరస్తాలో వంటావార్పుకు పోయి కూచునేవాడు. అక్కడా ఆలస్యం కాలేదు.

ఈ రెండింటి నడుమ 2003 ఉంది. ఆ ఏడాది జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు విరుచుకుపడి 17 మంది చనిపోయారు. బాపు పనిచేసేది ఆ గనిలో కాదు. హైదరాబాదులో టీవీ మీద వార్త చూసి నేను పక్కింటికి ఫోన్ చేశాను. అవ్వ వచ్చి మాట్లాడింది. గొంతు మామూలుగానే ఉంది. ఊరంతా ఆ గని దగ్గరే ఉందని, బాపు కూడా పొద్దంతా అక్కడే ఉండి వచ్చాడని చెప్పింది. ‘ఇప్పుడేడి’ అంటే, ‘ఏడికి పోతడు, నైట్ షిఫ్టుకు పోయిండు’ అంది.

నేను ఆ మాటను ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. పోయినవాళ్లలో ఆయనకు తెలిసినవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు మాతో చదువుకున్నవాళ్లు. ఆ సాయంత్రం ఆయన అన్నం కూడా తినలేదట. అయినా గంట కొట్టే వేళకు బూట్లు తొడుక్కున్నాడు. దీన్ని ధైర్యం అంటే ఆయన ఒప్పుకోడు. భయం లేక కాదు. భయపడి ఆగితే ఆ భయం ఇంట్లోకి వస్తుంది, అవ్వకు తగులుతుంది, చదువుకుంటున్న పిల్లలకు తగులుతుంది. దాన్ని గడప బయటే ఉంచడానికి ఆయనకు తెలిసిన దారి ఒకటే, మామూలుగా పనికి పోవడం. ఆ మామూలు కోసం ఆయన ఎంత ఖర్చుపెట్టాడో లెక్క కట్టగలిగే మస్టరు రోల్ ఏ ఆఫీసులోనూ ఉండదు.

కొడుక్కు ఇయ్యని కొలువు

బొగ్గుగని ఊళ్లలో వారసత్వ ఉద్యోగం అనే మాట చుట్టూ తిరగని కుటుంబం లేదు. తండ్రి ముందుగానే దిగిపోతే కొడుకు ఎక్కొచ్చన్న ఏర్పాటు ఒకప్పుడు నడిచింది. తర్వాత అది ఆగిపోయి, పనిలో చనిపోయినవాళ్ల, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసినవాళ్ల కుటుంబాలకు మాత్రమే మిగిలింది. 2016లో మళ్లీ వారసత్వ ఉద్యోగాలిస్తామన్నారు, 2017లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత కారుణ్య నియామకాలన్నారు. ఈ మలుపుల మీద ఎన్ని పెండ్లిళ్లు నిలిచాయో, ఎన్ని ఆగాయో మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది.

మా తమ్ముడు ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న రోజులవి. బాపుకు ఐదేళ్ల సర్వీసు మిగిలి ఉంది. దమ్ము అప్పటికే మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆగి గాలి పీల్చుకొనేవాడు. మెడికల్ బోర్డుకు పోవయ్యా, కొడుక్కు కొలువొస్తది అని అవ్వ మొదలుపెట్టింది. చిన్నాయనలు వచ్చి కూచున్నారు. తమ్ముడు నోరు తెరిచి అడగలేదు కానీ, వాడి ఆశ ఇల్లంతా నిండి ఉండేది. బాపు పోనన్నాడు. తను అన్‌ఫిట్ కాదన్నాడు. ఆ మాట మీద ఆర్నెల్లు ఇంట్లో సరైన మాటల్లేవు.

ఎందుకు పోలేదో ఆయన చెప్పలేదు. చేతనైనన్ని రోజులు చేసి దిగాలన్న పంతం ఉండొచ్చు. కొడుకు తన వెనకాలే చీకట్లోకి రావద్దన్నది అసలు కారణమని నేను అనుకుంటాను. అవ్వ ఇప్పటికీ అలా అనుకోదు. ‘లక్షల కొలువు పోగొట్టిండు’ అంటుంది. తమ్ముడు ఎలక్ట్రీషియన్ అయ్యాడు, కరీంనగర్‌లో చిన్న షాపు పెట్టుకున్నాడు, కష్టపడుతున్నాడు. వాడితో చదువుకొని కొలువెక్కినవాళ్ల ఇళ్లు, వాడి ఇల్లు పక్కపక్కన పెట్టి చూస్తే అవ్వ మాటలో న్యాయం ఉంది. బాపు ఊపిరితిత్తుల ఎక్స్‌రే చూస్తే బాపు మాటలోనూ ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఆర్నెల్ల గొడవలో నా పేరు గానీ, చెల్లె పేరు గానీ ఎవరి నోటా రాలేదు. రావడానికి వీలూ లేదు. గనుల చట్టం అప్పట్లో ఆడవాళ్లను భూగర్భంలో పనికి పెట్టనిచ్చేది కాదు. 2019లో కేంద్రం దాన్ని సడలించి, సాంకేతిక, పర్యవేక్షణ కొలువుల్లో పగటి వేళ దిగొచ్చని చెప్పింది. ఇప్పుడు మైనింగ్ చదివే ఆడపిల్లలు ఉన్నారు. అది విని బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘బండ చూసుడు నేర్పుతరా వాళ్లకు?’ అని అడిగాడు.

ఎండలో కూచునే మనిషి

రిటైర్మెంటు రోజు గని మీద పూలదండ వేసి, శాలువా కప్పి, డప్పులతో ఇంటిదాకా తీసుకొచ్చారు. అవ్వకు కూడా దండ వేశారు. ఆమె జీవితంలో పెండ్లి తర్వాత మెడలో పడిన దండ అదే. పీఎఫ్ డబ్బుతో ఊళ్లో రెండు గదుల ఇల్లు పూర్తిచేశారు, మిగిలినవి చెల్లె పెండ్లి అప్పులకు పోయాయి. పింఛను 1998 నాటి పథకం కింద వచ్చేది. ధరలు పెరిగితే పెరిగే పింఛను కాదది. ఆయన దాని గురించి కూడా ఎక్కువ మాట్లాడలేదు. చెల్కలో పత్తి బదులు కూరగాయలు పెట్టి, సోమవారం అంగడికి అవ్వతో పోయి అమ్ముకొచ్చేవాడు.

తెల్లవారుజామున నాలుగున్నరకే లేవడం ఆఖరిదాకా మానలేదు. కొత్తగా వచ్చిన అలవాటు ఒక్కటే, ఎండ. పొద్దున ఎండ వాకిట్లోకి రాగానే మంచం లాక్కొని కూచునేవాడు. ఎండ జరిగితే మంచమూ జరిగేది. శీతాకాలం ఫస్ట్ షిఫ్టులో చీకటితో బయల్దేరి, చీకట్లోనే పనిచేసి, పైకి వచ్చేసరికి పొద్దు వాలుతూ ఉంటుంది. ముప్పై ఆరేళ్ల పొద్దుటి ఎండ ఆయనకు బాకీ ఉంది. దాన్ని పదకొండేళ్లలో వసూలు చేసుకోవాలని చూశాడు.

హైదరాబాదులో మా ఇంటికి వచ్చిన మొదటిసారి, సోఫా చూపిస్తుంటే కూచోకుండా పైకి చూశాడు. స్లాబు నున్నగా, తెల్లగా ఉంది. మూలనున్న బూజు కర్ర తీసుకొని, రెండుచోట్ల కొట్టాడు. చెవి పెట్టి విన్నాడు. మా ఆయన కంగారుపడి ‘ఏమైంది మామయ్యా’ అన్నాడు. ‘ఏం లేదు బిడ్డా, మంచిగున్నది’ అని కర్ర మూలన పెట్టి అప్పుడు కూచున్నాడు. మా ఇంటికి అంతకంటే పెద్ద గృహప్రవేశం జరగలేదు. తర్వాత అర్థమైంది, ఆయన కొత్తగా ఏ ఇంటికి పోయినా ఇదే చేస్తాడని. చెల్లె అత్తగారింట్లో, తమ్ముడు అద్దెకు తీసుకున్న షాపులో, మనుమడి స్కూలు హాల్లో. తన పిల్లలు ఏ కప్పు కింద బతుకుతున్నారో అది గట్టిదా కాదా తనే విని తెలుసుకోవాలి.

ఆఖరి రెండేళ్లు దమ్ము బాగా ఎక్కువైంది. పడుకుంటే ఆయాసం, కూచుంటే నయం. రాత్రంతా గోడకు ఆనుకొని కూచునేవాడు. అవ్వ పక్కన మెలకువగా ఉండేది. యాభై ఏళ్లలో వాళ్లిద్దరూ అన్ని గంటలు కలిసి కూచున్నది అప్పుడే. ఆ రాత్రుల్లోనే ఆయన ఆమెకు బాయి గురించి చెప్పాడు. తట్టలు, టబ్బులు, మందు పేలిన వాసన, ఎలుకలకు పెట్టిన ముద్ద, ఒకసారి బండ కూలబోతే జతగాణ్ని గల్లా పట్టి లాగిన సంగతి, ఇంకొకసారి తనను ఎవరో లాగిన సంగతి. నలుగురిలో చెప్పనివన్నీ చెప్పాడు. మాకు చెప్పలేదు. ఆమెకు చెప్పాడు.

ఇప్పుడు అవ్వకు కుటుంబ పింఛను వస్తుంది. దానికి ఏటా నవంబరులో తను బతికే ఉన్నానని బ్యాంకుకు పోయి వేలిముద్ర వేసి రావాలి. ఈసారి నేను తీసుకుపోయాను. కౌంటర్లో ఉన్న అబ్బాయికి ఇరవై అయిదేళ్లుంటాయి. మర్యాదగా ఉన్నాడు. కాగితాలు చూస్తూ, ‘అమ్మా, సారు ఏం చేసేవారు, ఇక్కడ కోల్ ఫిల్లర్ అని ఉంది, అంటే ఏంటి?’ అని అడిగాడు. నేను చెప్పబోయేలోపే అవ్వ కొంగు సర్దుకొని కౌంటర్ మీద మోచేతులు ఆనించింది.

‘తట్టతోని బొగ్గు నింపెటోడు బిడ్డా. ఒక్క తట్ట నువ్వు లేపలేవు, గంత బరువు. నలభై తట్టలు పోస్తె ఒక్క టబ్బు. గసొంటియి రోజుకెన్నో నింపాలె. నింపుడు కంటె ముందు బండ కొట్టి చూడాలె. ఎట్ల కొడతరో తెల్సా?’ అని, ఎడమ చేతి వేళ్లు ఆ చెక్క బల్లకు ఆనించి, కుడి చేతి కణుపులతో పక్కన టక్కుటక్కుమని కొట్టి చూపించింది. వెనక వరుసలో ఉన్న ముసలాయన ఒకడు, ఆయన కళ్లకూ ఆ నల్ల గీత ఉంది, ‘గట్ల గాదు చెల్లె, ఇంకింత దూరంగ కొట్టాలె’ అని ముందుకు వచ్చాడు.